గాజుదారం తీసిన పెద్దబ్బాయి

పెద్దబ్బాయి చేతులు చూసి, అవి గాజు పని చేసే చేతులంటే ఎవరూ నమ్మేవారు కాదు. అరచేతుల నిండా వలతాళ్ళు ఒరుసుకుని కట్టిన కాయలు. ఎడమచేతి చూపుడువేలు మీద చిన్నప్పుడెప్పుడో జెల్ల చేప ముల్లు దిగిన మచ్చ. ఆ చేతులతోనే బర్నరు మంట మీద గాజుకడ్డీని తిప్పుతూ తిప్పుతూ, అది తీగపాకంలా మెత్తబడిన క్షణం చూసుకుని, రెండు చేతులూ చెరోవైపుకు ఒక్క గుంజు గుంజేవాడు. మధ్యలో గాలి తప్ప ఏమీ మిగలనట్టుండేది. నల్లగుడ్డ మీద పరిచి చూపిస్తే అప్పుడు మెరిసేది, వెంట్రుకలో మూడోవంతు మందం కూడా లేని గాజుదారం.

"ఫ్యాను ఆపండమ్మా. మాటలు కూడా ఆపితే మీ దయ," అనేవాడు ఆ పనికి ముందు.

ఆయనతో కలిసి పనిచేసిన ఉషశ్రీకి ఆయన్ని తలుచుకోగానే ముందు ఆ ఆగిన ఫ్యానే గుర్తొస్తుంది. ఫ్యాను ఆగిన ఒక్క నిమిషంలో విజయవాడ ఎండంతా గదిలోకి వచ్చి కూర్చునేది. అందరి మెడల మీదా చెమట ధారకట్టేది. ఆయన నుదుటికి మాత్రం గుంజడం అయిపోయాకే చెమట పట్టేది.

ఆయనది బందరు దగ్గర గిలకలదిండి. చేపలవాళ్ళింట పుట్టాడు గానీ సముద్రం పడలేదు. తండ్రి రెండుసార్లు పడవెక్కించుకుని తీసుకుపోతే రెండుసార్లూ పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకుని, ఒడ్డు మీద పిల్లకాయల చేత కూడా అనిపించుకున్నాడు. "నీకు వల బాగుచెయ్యడమే గతిరా," అని తండ్రి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఏ తాడు ఎంత లాగితే తెగుతుందో వేళ్ళకి తెలిసింది అక్కడే. చదువు ఏడో తరగతి దాకా. పద్దెనిమిదో ఏట మేనమామ విజయవాడ తీసుకొచ్చి ఒక పెద్ద కాలేజీలో గాజు సామాను తయారుచేసే వర్క్‌షాపులో చేర్చాడు. కెమిస్ట్రీ వాళ్ళ గొట్టాలూ కూజాలూ ఊది ఊది అక్కడే ఇరవై ఏళ్ళు గడిపాడు. తర్వాత గాజు సామానంతా తయారుగా పెట్టెల్లో రావడం మొదలైంది. వర్క్‌షాపు మూతపడింది. పెద్దబ్బాయి ఏ పని అని చెప్పడానికి వీల్లేని కాంట్రాక్టు మనిషిగా మిగిలిపోయాడు. ఏటా మార్చిలో ఆయన కాంట్రాక్టు పొడిగించే కాగితం ఆఫీసు సూపరింటెండెంటు వెంకటకృష్ణారావు గారి బల్ల మీద ఆగేది.

అలాంటి రోజుల్లో రామతులసి గారు ఆ కాలేజీకి వచ్చారు. కింద అంతస్తులో చివరి గది తీసుకుని, బతికున్న కణాలు ఎంత మెత్తగా ఉన్నాయో ఎంత గట్టిగా ఉన్నాయో కొలిచే ల్యాబు పెట్టారు. పెద్ద యంత్రం కొనడానికి డబ్బు మంజూరు కాలేదు. పాత పద్ధతి ఒకటుంది, సన్నని గాజుదారంతో కణాన్ని నొక్కడం. దారం ఎంత వంగిందో మైక్రోస్కోపులో చూస్తే ఎంత బలంతో నొక్కామో తెలుస్తుంది. ఆ బలానికి కణం ఎంత లొంగిందో చూస్తే దాని గట్టిదనం తెలుస్తుంది. దారం తీసేవాడెవరని ఆవిడ అడిగితే, ఎవరో నవ్వుతూ పెద్దబ్బాయిని చూపించారు.

"ఏం లేదమ్మా, మామిడికాయ పండిందా లేదా అని నొక్కి చూస్తాం చూడు, అదే," అని ఆయన ల్యాబుకి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. "కాకపోతే ఇక్కడ కాయా కనబడదు, నొక్కే వేలూ కనబడదు. అంతే తేడా."

ఉషశ్రీ గుడివాడ నుంచి పి.హెచ్.డి.కి వచ్చి చేరేనాటికి ఆయనకి యాభై దాటాయి. మొదటి వారంలోనే ఆమె నాలుగు దారాలు విరగ్గొట్టింది. ఆయన ఐదోది ఇస్తూ, "దీన్ని కాస్త ఎక్కువ రోజులు బతకనియ్యి ఉషమ్మా," అన్నాడు. వారం తిరక్కుండా ఆమెకి ఆయన బాబాయ్ అయ్యాడు. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఆయన భార్య కొండలమ్మ వండిన వంజరం పులుసు వాసన వరండా అంతా పాకేది. ఒక ముక్క ఉషశ్రీ డబ్బాలో వేసేవాడు. "మీ గుడివాడోళ్ళకి చెరువు చేప తప్ప తెలవదు. తిను, ఇది చేప," అనేవాడు.

ఆమె పట్టుకున్న ప్రశ్న చిన్నదే. షుగరు ఎక్కువైతే రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలు బిరుసెక్కుతాయా? ఎక్కితే, మెంతుల సారం ఆ బిరుసు తగ్గిస్తుందా? ప్రశ్న చిన్నదైనా ఐదేళ్ళు తినేసింది. కణాలు పెంచే పెట్టె కరెంటు పోయి చల్లబడితే మూడు వారాల పని నేలపాలు. కిటికీ పక్కన లారీ ఆగితే దారం వణుకు. ఆమెకి వచ్చే స్టైపెండు మార్చితో ఆగిపోతుంది. జనవరి నెలాఖరున బయటి నుంచి నిపుణులొచ్చే సెమినారు. అక్కడ చెప్పుకోవడానికి ఒక్క ఫలితమన్నా లేకపోతే ఐదేళ్ళూ కృష్ణలో కలిపినట్టే.

ఆ సెమినారుకి ముందటి వేసవిలో పెద్దబ్బాయి తీసిన దారం ఒకటి కుదిరింది. అంత సమంగా ఉన్న దారం అంతకుముందు రాలేదని రామతులసి గారే అన్నారు. తూకం తెలిసిన తీగముక్కని దాని కొసకి తగిలించి, ఎంత వంగుతోందో చూసి పుస్తకంలో రాసుకున్నారు. దసరా లోపు ఉషశ్రీ ఆ దారంతోనే మామూలు కణాలు, షుగరులో పెంచిన కణాలు కొలిచేసింది. షుగరువి బిరుసుగానే వచ్చాయి. ఇక మిగిలింది మెంతులు కలిపినవి.

దసరాకి కాలేజీలో ఆయుధపూజ మామూలే. బస్సులకీ జనరేటరుకీ జిరాక్సు మిషనుకీ అన్నిటికీ పసుపు, కుంకుమ, గంధం. రామతులసి గారు మాత్రం, "పూజ వరండాలో చేసుకోండి. కణాల గదిలోకి పువ్వూ వద్దు, కర్పూరమూ వద్దు," అని గట్టిగా చెప్పారు. నవమి నాడు వరండాలో కొబ్బరికాయ కొట్టి, తలుపుకి బొట్టు పెట్టి, పెద్దబ్బాయి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, మొహం అట్లా పెట్టావు?"

"మా ఊళ్ళో పగిలిన తెడ్డుకి కూడా బొట్టు పెడతారమ్మా. అన్నం పెట్టేదాన్ని లోపల వదిలేసి తలుపుకి పెట్టడం ఏం పద్ధతి?"

"మేడం వింటే చంపేస్తారు."

"అందుకే నీతో అంటన్నా," అన్నాడు.

సెలవుల తర్వాత మెంతుల సారం కలిపిన కణాలు కొలవడం మొదలైంది. మొదటి రోజు నమ్మలేదు. రెండో రోజు చేతులు కడుక్కొచ్చి మళ్ళీ కొలిచింది. కణాలు మెత్తబడ్డాయి. నవంబరంతా, డిసెంబరంతా, కొలిచిన కణం కొలిచినట్టు మెత్తగానే వచ్చింది. రామతులసి గారి కళ్ళల్లో ఐదేళ్ళలో చూడని వెలుగు. ఉషశ్రీ మిఠాయి తెచ్చి ల్యాబంతా పంచింది. పెద్దబ్బాయి తన వంతు పొట్లం కట్టి జేబులో పెట్టుకుని, "అయితే మెంతులు పనిచేస్తయ్యన్నమాటేనా ఉషమ్మా?" అని అడిగాడు. పనిచేస్తాయని చెప్పింది. కాసేపాగి, "ఖాయమేగా?" అని మళ్ళీ అడిగాడు. ఖాయమే అంది.

జనవరి మొదటివారంలో ఒక సాయంత్రం టీ దగ్గర హర్షవర్ధన్, అదే ల్యాబులో ఆమె తర్వాత చేరిన కుర్రాడు, సెమినారు కోసం గీసిన గ్రాఫు చూస్తూ వేళాకోళం మొదలెట్టాడు.

"అక్కా, చూశావా? దసరా ముందు కొలిచినదాంట్లో ఒక్కటీ మెత్తబడలేదు. దసరా తర్వాత కొలిచినవన్నీ మెత్తనే. మెంతులు కాదక్కా, దుర్గమ్మ మహిమ!"

"నోరుముయ్యరా. ముందు కొలిచినవి మెంతులు వెయ్యనివి, తర్వాతవి వేసినవి. తేడా రావాలనే కదా ఈ చాకిరీ."

అందరూ నవ్వారు. పెద్దబ్బాయి టీ గ్లాసు సగంలోనే కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం ఆమె వచ్చేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీసి ఉంది.

"ఉషమ్మా, గాలపు కర్ర మొదట్లో పట్టుకుంటే ఎక్కువ వంగుతుందా, నాలుగు బెత్తెలు ముందుకి పట్టుకుంటే ఎక్కువ వంగుతుందా?"

"మొదట్లో పట్టుకుంటేనే. పొద్దున్నే ఇదేం ప్రశ్న?"

"మరి మన దారం మొదట్లో ఏదన్నా అంటుకుని గట్టిపడిందనుకో."

"అప్పుడు తక్కువ వంగుతుంది. తక్కువ వంగింది కాబట్టి మనం మెల్లగా నొక్కామనుకుంటాం. మెల్లగా నొక్కినా ఇంత లొంగిందంటే కణం మెత్తగా..." ఆమె మాట ఆగిపోయింది. "ఏం అంటుకుంది బాబాయ్?"

"గంధం."

నవమి నాడు అందరూ భోజనాలకి వెళ్ళాక లోపలికి వచ్చాడట. గసగసాల గింజలో నాలుగోవంతు గంధం, దారం పిడిలోంచి బయటికొచ్చే చోట. అంతకంటే పెద్ద బొట్టు పెడితే దారానికి బరువని ఆలోచించి మరీ పెట్టాడట. కణాల పళ్ళెం నుంచి వచ్చే వెచ్చని ఆవిరికి అది నాని, పాకి, ఎండి, మళ్ళీ పాకింది. ఉషశ్రీ మైక్రోస్కోపులో చూసింది. దారం మొదట్లో పసుపుపచ్చని పొర, నాచు పట్టినట్టు.

ఆ పొద్దున ఆమె అన్న మాట ఇప్పటికీ ఆమెకి గుర్తుంది. మరిచిపోవాలని ఎన్నిసార్లు అనుకున్నా గుర్తుంది.

"ఏడో తరగతి చదివినవాణ్ణి ఈ గదిలోకి రానిచ్చాం చూడు, మాదీ బుద్ధి తక్కువ."

ఆయన లేచి, స్టూలు గోడ వారకి జరిపి, బయటికి వెళ్ళాడు.

ఆమె గంటసేపు ఏడ్చింది. ఏడ్చాక తీగముక్కని దారానికి తగిలించి తూకం చూసింది. వేసవిలో వంగినంత వంగలేదు. అప్పుడు పుస్తకం తిరగేసింది. దారం తూకం చూసిన తేదీ ఒక్కటే ఉంది, మే నెలది. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఒక్కసారీ చూడలేదు. దసరా తర్వాత మామూలు కణాల్ని నాలుగింటిని కొలిచినా అప్పుడే బయటపడేది. అదీ చెయ్యలేదు. దారం బాగుంది కదా, పెద్దబ్బాయి తీసిన దారం కదా అని ఊరుకుంది.

రామతులసి గారి గదిలోకి వెళ్ళి, "దారం తూకం తప్పింది మేడం. నేను మళ్ళీ చూసుకోలేదు. నాదే పొరపాటు," అంది. గంధం మాట ఎత్తలేదు. సూపరింటెండెంటు గారు ఏదో సంతకం కోసం అక్కడే కూర్చుని ఉన్నారు. ఎందుకు తప్పిందని మేడం అడిగేలోపే తలుపు దగ్గర అలికిడి.

"నేను పెట్టానండి. బొట్టు," అన్నాడు పెద్దబ్బాయి.

రామతులసి గారు అడిగిన మొదటి మాట ఇది: "ముట్టుకుంటే తెగే దారం అది. దానికి బొట్టెలా పెట్టావయ్యా?"

"ఇంకో దారంతో పెట్టానండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కోపమో నవ్వో ఉషశ్రీకి అర్థం కాలేదు.

"ఇంకేం చూస్తారండీ," అన్నారు వెంకటకృష్ణారావు గారు. "మార్చిలో కాగితం వచ్చినప్పుడు ఆపేస్తే సరి. నేను ముందునుంచీ అంటూనే ఉన్నా."

"ఆయన చెప్పకపోతే ఈ సంగతి నాకు తెలిసేదా, మీకు తెలిసేదా? నెలాఖరుకి ఈ అబద్ధాన్ని నలుగురి ముందూ పెట్టేవాళ్ళం. చెప్పేవాణ్ణి పంపించేసి, చెప్పనివాణ్ణి తెచ్చుకోమంటారా?" అని, ఆవిడ ఉషశ్రీ వైపు తిరిగారు. "గంధం ఆయన పెట్టాడు. ఎనిమిది నెలలు తూకం చూడకుండా కూర్చున్నదెవరమ్మా?"

"నేనే మేడం."

"రేపట్నుంచి రోజూ ఉదయం తూకం పెద్దబ్బాయి చూస్తాడు. ఆయన సంతకం లేకుండా ఎవరూ కణం ముట్టుకోవడానికి లేదు. ఏం వెంకటకృష్ణారావు గారూ, ఇప్పుడు ఆయనకో పని ఉన్నట్టేనా?"

మళ్ళీ మొదటి నుంచి కొలవడానికి పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. ఆయన కొత్త దారం తీసి పెట్టాడు. రోజూ ఉదయం ఆరున్నరకే వచ్చి తూకం చూసి, బొద్దుగా ఉండే గుండ్రని అక్షరాల్లో సంతకం చేసేవాడు. ఆమె కొలిచేది. మామూలువి ఇన్ని, షుగరువి ఇన్ని, మెంతులు కలిపినవి ఇన్ని, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే రోజు. నాలుగో రోజున ఆమె స్టూలు గోడ దగ్గర్నుంచి తెచ్చి మళ్ళీ తన పక్కన వేసింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. క్షమించమని ఆమె నోటితో అడగలేదు. అడగాల్సింది.

చివరి కణం కూడా షుగరు కణాలంత బిరుసుగానే వచ్చింది. మెంతుల వల్ల వెంట్రుకవాసి తేడా లేదు.

ఆమె పెన్ను మూత పెట్టి అలాగే కూర్చుంది.

"వల లాగాక చేప లేకపోతే లేదనే చెప్పాలిగా ఉషమ్మా," అన్నాడాయన. "నీళ్ళు మెరిసినయ్యని చేపలు పడ్డయ్యంటామా?"

"నువ్వు వల లాగింది రెండుసార్లే కదా బాబాయ్."

"ఆ రెండుసార్లూ ఖాళీయేనమ్మా. అందుకే తెలుసు."

దాదాపు మూడు వారాల తర్వాత మొదటిసారి ఇద్దరూ నవ్వుకున్నారు.

సెమినారులో ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఒక నిపుణుడు పెదవి విరిచాడు. ఇంకొకాయన మాత్రం, తూకం తప్పిన తీరు మీదే అరగంట ప్రశ్నలు వేసి, దాన్నో అధ్యాయంగా రాయమన్నాడు. ఆర్నెల్లు స్టైపెండు లేకుండా ట్యూషన్లు చెప్పుకుంటూ రాసింది. డాక్టరేటు వచ్చింది. మంగళగిరిలో ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది. పెద్దబ్బాయి ఆ గదిలోనే ఉండిపోయాడు. ఏటా మార్చిలో కాగితం వెళ్ళేది, ఆగకుండా తిరిగొచ్చేది. దసరాకి ఆమె ఫోన్ చేస్తే, "తలుపుకే పెట్టానమ్మా, దానికి పెట్టలా," అని తనే ముందు చెప్పేవాడు.

ఈ ఫిబ్రవరిలో, ఉదయం తూకం చూసి సంతకం పెట్టి వరండాలోకి వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడని హర్షవర్ధన్ ఫోన్ చేశాడు.

పెద్దకర్మ నాడు ఉషశ్రీ భవానీపురంలో వాళ్ళింటికి వెళ్ళింది. భోజనాలయ్యి, జనం పలచబడ్డాక, కొండలమ్మ ఆమెని లోపలి గదిలోకి పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె వంట తినడమే గాని ఇంతసేపు దగ్గర కూర్చున్నది లేదు.

"మీరు కనిపెట్టినయ్యే గదమ్మా మెంతులు," అంది కొండలమ్మ.

ఉషశ్రీకి వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు మిఠాయి పొట్లం తీసుకుని ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డాడో. మా ఉషమ్మ పట్టుకుందే, మెంతులు పడితే లోపల బిరుసు పోద్దంట అన్నాడు. అప్పటికే షుగరొచ్చి నాలుగేళ్ళాయె. మర్నాటి నుంచి నేను నానబెట్టడం మొదలుపెట్టా. ఏడేళ్ళమ్మా. ఒక్కరోజు తప్పలా."

ఆయనకి షుగరున్నట్టు ఉషశ్రీకి ఆ నిమిషం దాకా తెలియదు. టీలో పంచదార వద్దనేవాడు, పళ్ళు జివ్వుమంటాయని. ఆమె నమ్మింది. ఖాయమేగా అని రెండోసారి ఎందుకు అడిగాడో ఇన్నాళ్ళకి తెలిసింది. ఆ ఫలితం నిజం కావాలని ల్యాబులో తనకంటే ఎక్కువగా కోరుకున్న మనిషే దాన్ని పట్టుకుని అబద్ధమని చూపించాడు. ఆ మాట ఇంట్లో మాత్రం చెప్పలేకపోయాడు.

"ఒకటి అడుగుతానమ్మా, చదువుకున్నదానివి," అంది కొండలమ్మ, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "షుగరొచ్చిన మొదటి నాలుగేళ్ళు ఈ మెంతుల సంగతి నాకు తెలవలేదు గదా. అప్పట్నించే ఇచ్చుంటే బతికేవాడేమో కదా? పదకొండు రోజులుగా ఇదే ఆలోచన. ఆలస్యం చేశానేమో."

ఉషశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, ఆ లెక్క తప్పు. మేం కొలవడంలోనే పొరపాటు జరిగింది. మళ్ళీ కొలిస్తే మెంతులకి కణాలేమీ మెత్తబడలేదు. మిగతా సంగతులు నాకు తెలియవు గానీ, నేను కనిపెట్టిందంటూ ఏమీ లేదు. నువ్వు ఆలస్యం చేసిందీ లేదు."

కొండలమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"ఆయనకి తెలుసా?"

"ఆయనే చెప్పాడు పిన్నీ. అందరికంటే ముందు."

"మరి ఏడేళ్ళు తాగాడేంటమ్మా? పొద్దున్నే నేను గ్లాసు పట్టుకుని నిలబడితే ముక్కు మూసుకుని గటగటా తాగేవాడు. చేదంటే పడదు ఆయనకి. కాకరకాయ వండితే పళ్ళెం జరిపేసేవాడు." ఆమె గొంతు ఎక్కడో నవ్వులోకి జారింది. "దొంగ మొహం. నాకు చెబితే నేను ఏడుస్తాననుకున్నాడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. బయట ఎవరో కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఏడ్చి, మొహం తుడుచుకుంది.

"అయితే నేను ఆలస్యం చేసింది లేదంటావు."

"లేదు పిన్నీ."

"ఇంకోసారి చెప్పమ్మా."

ఉషశ్రీ ఇంకోసారి చెప్పింది.